అమెరికా సింగర్, మన కరెంటు: రెండు నెలల పని

మారేడ్‌పల్లిలో ఒక పాత ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తూ సామాను అమ్ముతున్నారంటే వెళ్ళాను. కొందామనుకున్నది టేకు బీరువా. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నది దాదాపు 14 కిలోల కుట్టు మిషన్ హెడ్డు.

నల్లటి సింగర్. ముందువైపు గుండ్రటి బిళ్ళ, దాని చుట్టూ నీలం పట్టీ, పట్టీ మీద 1851–1951. సింగర్‌కి వందేళ్ళు నిండిన సందర్భంలో వేసిన బిళ్ళ అది. వెనక చక్రం దగ్గర కుండలా ఉబ్బెత్తుగా మోటరు ఉంది కానీ బెల్టు లేదు. అంటే 15-91 మోడల్. మోటరు లోపలి గేరే చక్రాన్ని నేరుగా తిప్పుతుంది. ఆ ఇంటి పెద్దాయన డెబ్భైల్లో అమెరికా నుంచి తిరిగొస్తూ తెచ్చుకున్నారట. మోటరు మీది రేకు చదివితే 110 వోల్టులు, అర ఆంపియర్ పైచిలుకు అని ఉంది.

నేను ఆ రేకు చదువుతుండగానే, "పనిచేస్తుందండీ, చూడండి" అంటూ ఆ ఇంటి అబ్బాయి ప్లగ్గు తీసుకెళ్ళి ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చి లైటు స్విచ్ తిప్పాడు. ఫోటో ఫ్లాష్‌లా ఒక్కసారి వెలిగి బల్బు పోయింది. 110కి చేసిన బల్బుకి 230 ఇస్తే వోల్టేజీ రెండింతలు, పవర్ నాలుగింతలు. పెడల్ తొక్కలేదు కాబట్టి మోటరు దాకా కరెంటు పోలేదు, బతికిపోయింది. ఆ బల్బు పుణ్యాన 3,500 అన్నది 2,200కి ఇచ్చారు.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టగానే అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. చక్రం చేత్తో తిప్పింది, సూది దగ్గరికి వంగి దారం కుడి నుంచి ఎడమకు ఎక్కించేసింది. "ఇది మన ఉషానే కదే, కొత్తేముంది?" అంది. నిజమే. మన ఉషా, ఇంకా ఇక్కడ దొరికే నల్ల మిషన్లన్నీ దాదాపు ఈ సింగర్ 15 తరహావే. సూది చదునుగా ఉండే వైపు ఎడమకు రావడం, దారం టెన్షన్ బిళ్ళలు ఎడమ ముఖం మీద ఉండటం, అన్నీ అదే. మామూలు ఇంటి మిషన్ సూది 16 నంబరు పెడితే పట్టింది. కోఠిలో కొన్న బాబిన్లు పట్టాయి. బాబిన్ కేస్ కొనేటప్పుడు మాత్రం వేలు లాంటి కొన ఎటు తిరిగి ఉందో పాతదాని పక్కన పెట్టి చూసుకోవాలి, రెండు మూడు రకాలున్నాయి. మొత్తం మిషన్‌లో పరాయిది ఒక్క కరెంటే.

సికింద్రాబాద్‌లో మాకు తెలిసిన మెకానిక్ తాతకి చూపించాను. ఆయన సలహా సూటిగా ఉంది: "మోటరు పీకేస్తే అయిపోతది బిడ్డా, మన 220 మోటరు బిగిస్త." బెల్టు మోటరు ఉన్న మోడల్ అయితే నేనూ సరేననేదాన్ని. రెండు స్క్రూల పని, చవక, రిపేరు ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దీనికి మోటరు పీకితే వెనక పెద్ద బొక్క మిగులుతుంది, మన మోటరు బిగించడానికి అక్కడ చోటే లేదు. తాత వెనక్కి తిప్పి చూసి, "గిదేంది, కడుపులనే పెట్టిండ్రు" అని నవ్వి వదిలేశారు.

మా అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ రెండు ఉపాయాలు చెప్పాడు. ఒకటి ఫ్యాన్ రెగ్యులేటర్. రెండోది సిరీస్‌లో, అంటే మోటరుకి కరెంటు వెళ్ళే దారిలోనే, వంద వాట్ల బల్బు. రెండూ వద్దన్నాను. రెగ్యులేటర్ చెడిపోతే మోటరుకి ఏకంగా 230 వెళ్తుంది. సిరీస్ బల్బు పెడితే మోటరు లాగే కరెంటును బట్టి వోల్టేజీ మారిపోతుంది, మందం గుడ్డ రాగానే మిషన్ నీరసపడుతుంది. అయితే ఆ సిరీస్ బోర్డు మొదటిసారి పరీక్షకి బాగా పనికొచ్చింది. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, మోటరు కాలదు.

చివరికి ట్రూప్ బజార్‌లో 230 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. లెక్క ఇలా వేశాను: మోటరుకి 60 వాట్లు, లైటుకి 15, కలిపి 75. దానికి రెండింతలు దాటేలా 200 వీఏ (వోల్ట్-ఆంపియర్, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కొలత). కొట్టువాళ్ళు ముందు చిన్నగా, తేలికగా ఉన్న ఆటో ట్రాన్స్‌ఫార్మర్ చూపించారు. దానిలో రెండువైపులకీ ఒకే వైండింగ్ (తీగ చుట్ట), అంటే మిషన్ ఇనుప ఒంటికీ మన లైనుకీ మధ్య అడ్డు ఉండదు. ఎర్త్ లేని డెబ్భై ఏళ్ళ మిషన్ మీద చేతులు పెట్టి కూర్చునేది నేను. అందుకే వైండింగులు విడివిడిగా ఉన్న ఐసొలేషన్ రకమే అడిగాను. బరువెక్కువ, ధర రెట్టింపు. మిషన్ కన్నా దీనికే ఎక్కువైంది, ఇంట్లో ఆ మాట చెప్పలేదు.

110, 120 అని రెండు అవుట్‌పుట్లున్నాయి. నేను 110 వాడుతున్నాను. మా కాలనీలో రాత్రిళ్ళు వోల్టేజీ 245 దాకా ఎక్కుతుంది. అప్పుడు 110 కాస్తా 117 అవుతుంది, ఫరవాలేదు. 120 పెట్టుకుంటే 128 అయ్యేది. 50 సైకిల్సా 60 సైకిల్సా అన్న బెంగ మాత్రం ఈ మోటరుకి అక్కర్లేదు. మిక్సీలో ఉండే కార్బన్ బ్రష్‌ల రకమే ఇది, డీసీ మీద కూడా తిరుగుతుంది.

ప్లగ్గు మార్చలేదు. అమెరికా చదును పిన్నులు అలాగే ఉంచి, ట్రాన్స్‌ఫార్మర్‌కి దానికి సరిపడే సాకెట్ పెట్టించాను. కానీ ఇప్పటి ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో ఏ పిన్నయినా దూరుతుందని ఆ రోజే చూశాను కదా, అందుకని వైరుకి ఎర్ర గుడ్డ కట్టి "110 మాత్రమే" అని కుట్టాను. చేత్తో.

వైర్ల సంగతి అసలు భయపెట్టింది. మోటరు నుంచి వచ్చే రబ్బరు తొడుగు ముట్టుకుంటే అప్పడంలా విరిగింది. మోటరు బయటికి తీసి, ఏ వైరు ఎక్కడిదో ఫోటోలు తీసుకుని, అన్నీ కొత్తవి వేయించాను. తర్వాత మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వైండింగుకీ బాడీకీ మధ్య కరెంటు లీకవుతుందేమో చూపించాను. ఆ రీడింగ్ బాగా వచ్చాకే ముందుకెళ్ళాను. ఇది చేయకుండా ఇలాంటి మిషన్‌ని ఏ వోల్టేజీ మీదా నడపొద్దు. బ్రష్‌లు సరిపడా ఉన్నాయి, మార్చలేదు.

మోటరులో నూనె పోయకూడదు, గ్రీజే. దాని గొట్టాల్లో పాత గ్రీజు కొవ్వొత్తి మైనంలా గట్టిపడి ఉంది. పుల్లతో తవ్వి, వాసన లేని పెట్రోలియం జెల్లీ నింపాను. వేడికి కరిగి వత్తి గుండా బేరింగుకి చేరాలి, బండ్లకు వాడే గ్రీజు ఆ వేడికి కరగదు. మిగతా కీళ్ళన్నిటికీ కిరోసిన్ చుక్కలు, ఆ తర్వాత మిషన్ నూనె. స్పిరిట్ మాత్రం దగ్గరికి రానివ్వలేదు, నల్లరంగు మీది మెరుపు, బంగారు బొమ్మలు లేచిపోతాయి.

పోయిన ఆదివారం మొదటిసారి నిజమైన గుడ్డ పెట్టాం. అమ్మ జాకెట్టు పక్క కుట్టు, నాలుగు మడతల దగ్గర కూడా ఆగలేదు. వెనక్కి కుట్టే మీట చూసి అమ్మ ముచ్చటపడింది, వాళ్ళ పాత ఉషాకి అది లేదు. ఇరవై నిమిషాలకి పెడల్ గోరువెచ్చన అయింది. లోపల కార్బన్ బిళ్ళలుండే రకం కాబట్టి ఆ మాత్రం మామూలే. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం సన్నగా జుమ్మంటోంది, కింద పాత టవల్ మడిచి పెట్టాను. బల్బు ఇంకా దొరకలేదు, ప్రస్తుతానికి టేబుల్ లైటుతో కుడుతున్నాం.