బేస్‌మెంట్ దగ్గర ఆగిన ఇళ్ల కోసం

నెల్లూరు జిల్లాలోని మా ఊరి బయట, లేఅవుట్‌లో ఒకటిన్నర సెంటు స్థలం చొప్పున మాకు ఇచ్చారు. ఇంటికి 1.80 లక్షల రూపాయలు మంజూరైంది. ఉపాధి హామీ కూలి అందులోనే. పొదుపు సంఘం ద్వారా పావలా వడ్డీకి మరో 35 వేలు అప్పు తీసుకున్నాను. పల్లపు నేల కావడంతో మెరక తోలించి పునాది లేపేసరికే చాలా డబ్బు కరిగిపోయింది. నా ఇల్లు రూఫ్ లెవెల్‌లో ఆగింది. వెనక వరుసలోని యానాది (ఎస్టీ) కుటుంబాల ఇళ్లు బేస్‌మెంట్ కూడా దాటలేదు. ఆ దిమ్మెల మీదే టార్పాలిన్ కట్టుకుని పసిపిల్లలతో వానాకాలం గడిపారు.

ఎన్నో సోమవారాలు కలెక్టరేటుకు వెళ్లాం. అర్జీ తిరిగి మా మండలానికే వచ్చేది. ‘నిబంధనల ప్రకారం చెల్లింపులు జరిగాయి’ అని రాసి మూసేసేవారు. చివరికి విశ్రాంత ఇంజినీరు ఒకాయన మా కాగితాలు చదివి, “మీ బిల్లులను ఎవరూ ఆపలేదమ్మా. ఇంటికి ఇచ్చే మొత్తమే చాలడం లేదు. దాన్ని పెంచడం కలెక్టరు చేతిలో లేదు, ప్రభుత్వం జీవో ఇవ్వాలి” అన్నారు. ఇన్నాళ్లూ మేము తప్పు గుమ్మం ముందు నిలబడ్డామని అప్పుడు అర్థమైంది.

ఇల్లిల్లూ తిరిగి సిమెంటు, ఇనుము, మేస్త్రి కూలి లెక్కలు రాసుకున్నాం. బిల్లు లేనివాళ్లు అప్పు కాగితాలు చూపించారు. మా వీధి పెద్దమ్మ కమ్మలు తాకట్టు పెట్టిన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏ ఇల్లు ఎక్కడ ఆగింది, స్లాబు పడాలంటే ఇంకెంత కావాలి అని వరుసగా పట్టిక వేసి, బడ్జెట్ సమావేశాలకు ముందే ఎమ్మెల్యే గారికి ఇచ్చాం. రాత్రి బస్సెక్కి వెలగపూడి సచివాలయానికి వెళ్లి గృహనిర్మాణ మంత్రి పేషీలోనూ అందజేశాం. అక్కడి ఉద్యోగి మొదటిసారి మమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాడు. లెక్కలు ఉన్నాయి కాబట్టి జవాబు చెప్పగలిగాం.

2025 మార్చిలో ప్రభుత్వం ఆగిపోయిన ఇళ్లకు అదనపు సాయం ప్రకటించింది: ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష. రాష్ట్రమంతటా ఎందరో అడిగితే వచ్చిన సాయమిది, మా అర్జీ అందులో ఒకటి. యానాది వరుసలో గోడలు లేస్తున్నాయి.

కానీ అప్పు చేసి ముందే ఇల్లు పూర్తి చేసుకున్నవారికి ఇందులో పైసా లేదు. పెద్దమ్మ కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. ఆమె చీటీ నకలును ఈసారి అర్జీకి మొదటి పేజీగా పెట్టాం.