అమ్మ దగ్గర్నుంచి కత్తిపీట లాక్కున్నది నేనే

పోయిన శ్రావణమాసంలో వ్రతానికి అమ్మ పీట మీద బానే కూర్చుంది, కథ అయ్యాక లేవబోతే లేవలేకపోయింది. ఒక చెయ్యి నేల మీద, ఇంకోటి మా అత్తయ్య భుజం మీద, అయినా నడుం పైకి రావట్లా. "కాలు పట్టేసిందే" అని నవ్వేసింది గానీ ఆ మొహం చూసి నాకు కడుపులో దేవినట్టయింది. అమ్మకి 71. మూడేళ్ళ కిందటి దాకా తెనాలి పక్క మా ఊళ్ళో కత్తిపీట ముందేసుకుని కింద కూర్చుని ఇంటిల్లిపాదికీ కూరలు తరిగిన మనిషి.

నాన్న పోయాక హైదరాబాద్ తీసుకొచ్చేశా. ఫ్లాటు, సోఫా, డైనింగ్ టేబులు, కమోడ్, లిఫ్టు, పనమ్మాయి, ఇంక ఏం కావాలి అనుకున్నా. గరిట పట్టుకుంటే చాలు "నువ్వు కూర్చో అమ్మా నే చూస్కుంటా" అనేదాన్ని, ప్రేమేలెండి, కానీ రోజంతా వంగి లేచే మనిషిని మూడేళ్ళు సీరియళ్ళ ముందు కూర్చోబెట్టా.

ఫిజియో దగ్గరికెళ్తే షుగర్, బీపీ ఫైలు తెరిచి కూడా చూళ్ళేదు. చేతులు గుండెల మీద పెట్టుకుని కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూద్దాం అన్నాడు. 70-74 మధ్య ఆడవాళ్ళు 10 కంటే తక్కువ లేస్తే కాళ్ళలో బలం తగ్గినట్టు, పడిపోయే రిస్కు ఎక్కువంట. అమ్మ 6. ఈ వయసులో పడితే తుంటి ఎముక విరగడం, మంచం పట్టడం, ఆ తర్వాత కథ మనందరి ఇళ్ళల్లో చూసిందే.

బ్రెజిల్లో అరౌజో అనే డాక్టర్ ఇంకో పరీక్ష పెట్టాడు, దేన్నీ పట్టుకోకుండా కింద కూర్చుని లేవాలి, 10 మార్కులు, చెయ్యో మోకాలో ఆనిస్తే ఒక్కో మార్కు కట్. 51 నుంచి 80 ఏళ్ళ వాళ్ళు 2002 మందికి ఇది పెట్టి, తక్కువ మార్కులొచ్చినవాళ్ళే తర్వాతి ఏళ్ళలో ఎక్కువమంది పోయారని 2012లో రాశారు. నేనూ చేసి చూశా, నాకు 44 ఏళ్ళు, 8 వచ్చాయి, ఆ ముచ్చట ఇంక వదిలేద్దాం.

తిండి కూడా చూసుకోవాల్సొచ్చింది. కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ అంటారుగా, అమ్మ 55 కిలోలు, అంటే రోజుకి 45 గ్రాములు దాటాలి. ఈవిడేమో రాత్రి మజ్జిగన్నంలో ఆవకాయ బద్ద, మధ్యాహ్నం పప్పుచారు, అందులో పప్పు టార్చిలైటేసి వెతుక్కోవాలి. గుడ్డు ముట్టదు. ఇప్పుడు పొద్దున పెసరట్టు, సాయంత్రం ఉడికించిన శనగలు, పప్పు మాత్రం గట్టిగా. రోజూ కుర్చీ ఎక్సర్‌సైజు, లెక్క నేను పెడితే దొంగలెక్క అంటుందని మా అబ్బాయి పెడతాడు.

ఊరి నుంచి కత్తిపీట తెప్పించా. బెండకాయలు తరిగేది అమ్మే, పనమ్మాయికి కూడా ఇవ్వదు. మొన్న కుర్చీలోంచి 11 సార్లు లేచింది, అప్పట్నుంచి పట్టలేకపోతున్నాం. నిన్న స్టూలేసుకుని అటక మీద ఆవకాయ జాడీ తనే దించుతానంది, దానికి మాత్రం పెద్ద గొడవే అయింది, పొద్దున్నుంచి నాతో మాట్లాడట్లా.