స్ప్లెండర్ ఇంజిన్‌లో కొత్త సౌండ్: విప్పే ముందు ఏం వినాలి

సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ "టక టక" అంటోందని షెడ్డుకు తీసుకెళ్తే, చాలాచోట్ల మెకానిక్ చెయ్యి ముందు ట్యాపెట్ల (వాల్వుల గ్యాప్ సర్దే స్క్రూల) మీదికే పోతుంది. లాక్‌నట్ వదులు చేసి, గేజ్ లేకుండా అందాజుగా బిగించేస్తాడు. సౌండ్ తగ్గుతుంది, డబ్బులిచ్చి వచ్చేస్తాం. నెల తిరక్కుండా పికప్ పోయిందని మళ్లీ అదే షెడ్డు. సౌండ్ ఎలా ఉంది అన్నదాని కంటే అది ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నది చూస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. కింద చెప్పేది 97.2 సీసీ కార్బ్యురేటర్ స్ప్లెండర్ గురించి.

బండి రాత్రంతా ఆగి ఉండాలి. పొద్దున మొదటి కిక్కుకి వచ్చే సౌండే అసలు సాక్ష్యం. కొనబోయే బండైతే మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉందా అని తాకకుండా దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఎందుకు ఉంచారో అడగండి.

తర్వాత ఆయిల్. సెంటర్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగాక చూడాలి. డిప్‌స్టిక్ తుడిచి లోపల పెట్టండి కానీ మర తిప్పకండి. తిప్పితే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. ఈ ఇంజిన్‌కు కంపెనీ చెప్పే ఆయిల్ చిక్కదనం గ్రేడు 10డబ్ల్యూ-30. అమ్మేవాళ్లు సౌండ్ కప్పిపుచ్చడానికి చిక్కటి 20డబ్ల్యూ-50 పోయడం మామూలే. అందుకే పాత ఆయిల్ దింపేసి, జాసో ఎంఏ (బైకు ఆయిల్ అని తెలిపే) గుర్తున్న 10డబ్ల్యూ-30 పోసి, ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వినండి. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోయకండి, క్లచ్ జారుతుంది. దింపిన ఆయిల్‌ను తెల్లగుడ్డలోంచి వడకట్టండి. అడుగున మిగిలిన పొడిలో అయస్కాంతానికి అంటేది ఇనుము, అంటకుండా వెండిలా మెరిసేది అల్యూమినియం. సన్నటి బూడిదరంగు పొడికి భయపడక్కర్లేదు. గోటికి తగిలే పలుకులుంటే మాత్రం బండి అక్కడే ఆపండి.

ఇంజిన్‌ది కాని సౌండ్‌లు కూడా ఇంజిన్ సౌండ్‌లాగే వినిపిస్తాయి. చైన్ కవర్, లెగ్ గార్డ్, ఫౌండేషన్ బోల్టులు ఒక్కోటీ చేత్తో నొక్కి పట్టి చూడండి. అన్నిటికంటే మోసం చేసేది సైలెన్సర్ గాస్కెట్. హెడ్‌కు సైలెన్సర్ పైపు కలిసేచోట గాస్కెట్ కాలిపోతే, లీకయ్యే పొగ అచ్చం ట్యాపెట్‌లాగే "టిక్ టిక్" అంటుంది. ఆ జాయింటు చుట్టూ నల్లటి మసి ఉందేమో చూడండి. చల్లటి ఇంజిన్ మీద సబ్బు నీళ్లు రాసి స్టార్ట్ చేస్తే బుడగలొస్తాయి. కొత్త గాస్కెట్ వేసి, రెండు నట్లూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించాక రెండోది పట్టుకుంటే ఫ్లాంజ్ వంకర కూర్చుంటుంది, లీకు అలాగే ఉంటుంది.

ఇప్పుడు న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌లో పెట్టి క్లచ్ పట్టండి. పట్టగానే సౌండ్ ఆగిపోయి, వదలగానే మళ్లీ వస్తే అది గేర్‌బాక్స్ వైపు, చాలాసార్లు మెయిన్ షాఫ్ట్ బేరింగ్. క్లచ్ పట్టినా మారకపోతే ఇంజిన్‌లోనే వెతకాలి.

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు నొక్కండి. హెడ్, బోర్ (పిస్టన్ కదిలే సిలిండర్), ఎడమ మాగ్నెట్ కవర్, కుడి క్లచ్ కవర్, ఈ నాలుగు చోట్లా వినండి. చున్నీ, లూజు చొక్కా చేతులు చైన్‌కి దూరంగా ఉంచండి. సౌండ్ వేగం కూడా గమనించాలి. వాల్వులను తెరిచే క్యామ్ తిరిగేది, పిస్టన్ తిప్పే క్రాంక్ వేగంలో సగమే. ఐడ్లింగ్ 1400 ఆర్‌పీఎం అనుకుంటే ఒక్కో ట్యాపెట్ నిమిషానికి 700 సార్లు, అంటే సెకనుకు పన్నెండు లోపే కొడుతుంది. పిస్టన్, కన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) సౌండ్‌లు క్రాంక్‌తోపాటే వస్తాయి, దానికి రెట్టింపు వేగం. లెక్కపెట్టడం కుదరదు కానీ, ఐడ్లింగ్ బాగా తగ్గించి వింటే తేడా తెలిసిపోతుంది.

ట్యాపెట్ అని తేలితే ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యాలి. మే నెలలో విజయవాడ ఎండలో నిలబెట్టిన బండిని చల్లటి ఇంజిన్ అనకండి. స్పార్క్ ప్లగ్ తీసి, మాగ్నెట్ కవర్ మీది రెండు మూతలూ విప్పి, క్రాంక్‌ను ఎడమవైపు నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిప్పుతూ లోపలి మాగ్నెట్ మీది 'టీ' గుర్తును కవర్ మీది గీతకు కలపండి. వాల్వులను నొక్కే రెండు రాకర్లూ కాస్త కదలాలి. కదలకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. గ్యాప్ రెండు వాల్వులకూ 0.05 మి.మీ.; ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పల్చటి రేకు) కొంచెం పట్టుతో జారాలి. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది కాబట్టి బిగించాక గేజ్ మళ్లీ పెట్టి చూడాలి. అసలు సౌండే రాని ట్యాపెట్ నాకు నచ్చదు. గ్యాప్ లేకపోతే వాల్వ్ సరిగా మూసుకోదు, కాలిపోతుంది. కంప్రెషన్ పోతుంది. సన్నగా టిక్‌మనే ట్యాపెట్టే నయం.

ఎడమవైపు "గర గర", "చర చర" అంటూ, రేజ్ చేసి వదిలినప్పుడు ఎక్కువైతే టైమింగ్ చైన్, అంటే క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే చైన్. స్ప్లెండర్‌లో ఎక్కువగా వచ్చే కంప్లయింట్ ఇదే. చైన్‌ను బిగువుగా పట్టి ఉంచేది స్ప్రింగూ ఆయిలూ కలిసి నెట్టే పుష్ రాడ్. స్ప్రింగ్ అలసినా, రాడ్ తల అరిగినా చైన్ ఊగి గోడలకు తగులుతుంది. చాలారోజులు ఆగిన బండి కొన్ని సెకన్లు గరగరమని ఆగిపోతే మామూలే. వేడెక్కాకా ఆగకపోతే ముందు పుష్ రాడ్, స్ప్రింగ్ మార్చి చూడండి, ఇంజిన్ విప్పక్కర్లేదు. అప్పటికీ తగ్గకపోతే చైన్, రబ్బరు రోలర్లు కలిపి మార్చాలి. దానికి మాగ్నెట్ తీయాలి, పుల్లర్ లేని షెడ్డులో ఆ పని చేయించకండి. సుత్తితో కొట్టి తీస్తే క్రాంక్ చివర పాడవుతుంది.

మిగిలినవి రెండు. చల్లగా ఉన్నప్పుడు బోర్ దగ్గర "టక టక" అని, వేడెక్కాక తగ్గితే పిస్టన్ ఆట, అంటే బోర్‌లో పిస్టన్ వదులు. వేడికి పిస్టన్ వ్యాకోచించి ఖాళీ తగ్గుతుంది కనుక సౌండ్ మెత్తబడుతుంది. సైలెన్సర్ నీలిపొగ కూడా వదులుతుంటే హాఫ్ ఇంజిన్ పని, అంటే బోర్, పిస్టన్, రింగులు. పొగ లేకపోతే ఇంకొన్నాళ్లు నడుస్తుంది. దీనికి పూర్తిగా ఉల్టా కన్‌రాడ్. వేడెక్కి ఆయిల్ పలచబడేకొద్దీ లోపలి నుంచి బరువైన "డబ డబ" పెరుగుతుంది, ఇద్దరు ఎక్కి ఎత్తు ఎక్కితే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఆ బండిని ఇంకో కిలోమీటరు కూడా నడపకండి. హెడ్, బోర్ తీశాక కన్‌రాడ్‌ను పట్టుకుని పిస్టన్ కదిలే దిశలోనే లాగి నెట్టి చూడండి. పక్కలకు కొంచెం కదలడం మామూలే. లాగి నెట్టినప్పుడు "టిక్" మని ఏమాత్రం ఆట తగిలినా ఫుల్ ఇంజిన్ పనే, అంటే క్రాంక్ దాకా మొత్తం విప్పాలి.