అమ్మ టీడీఎస్ రీఫండ్: ఇంటిపేరు దగ్గర ఆగిన డబ్బు

నాన్న పోయాక వచ్చిన డబ్బును అమ్మ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. 2022-23లో దానిమీద వడ్డీ 92,000 వచ్చింది. పన్ను పడేంత ఆదాయం లేదని బ్యాంకుకు రాసిచ్చే ఫారం 15జీ ఇవ్వాలని మాకెవరికీ తట్టలేదు. బ్యాంకు పది శాతం చొప్పున 9,200 టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే కోసుకునే పన్ను) పట్టుకుంది. అమ్మకు వేరే ఆదాయం లేదు కాబట్టి పన్నే పడదు, పట్టుకున్నదంతా వెనక్కి రావాల్సిందే. మందులకూ కరెంటు బిల్లుకూ ఆ వడ్డీయే ఆధారం, అందుకే 9,200 మాకు చిన్న మొత్తం కాదు.

జూలైలో అమ్మ ఆదాయపు పన్ను రిటర్న్ (ఐటీఆర్-1) నేనే వేశాను. ఆధార్ ఓటీపీతో అప్పుడే ఈ-వెరిఫై చేశాను, అంటే ఆ రిటర్న్‌ను ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాను. రిటర్న్ వేసి ఈ వెరిఫై చేయడం మర్చిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. దానికి 30 రోజుల గడువు ఉంటుంది, అసలు వెరిఫై చేయకపోతే రిటర్న్ వేసి కూడా వేయనట్టే. ఆగస్టులో ఆదాయపు పన్ను శాఖ రిటర్న్‌ను సరిచూసి పంపిన 143(1) ఇంటిమేషన్ వచ్చింది. ఏప్రిల్ నుంచి నెలకు అర శాతం లెక్కన 230 వడ్డీ కలిపి 9,430 ఇస్తామని ఉంది. అమ్మ ఎంత సంతోషించిందో!

వారం తిరక్కముందే ఆదాయపు పన్ను పోర్టల్లో 'రీఫండ్ ఫెయిల్డ్' అని కనిపించింది. నాకు గుండె జారిపోయింది.

నాన్న ఉన్నప్పుడు రీఫండ్ చెక్కు పోస్టులో రావడం నాకు గుర్తుంది. 2019 మార్చి నుంచి అలా కాదు, పాన్‌తో లింకై, పోర్టల్లో ముందే వ్యాలిడేట్ అయిన (వివరాలు సరిపోయాయని తేలిన) ఖాతాలోకే వేస్తారు. "నీ ఖాతాలో వేయించుకోరా, తర్వాత నాకివ్వు" అంది అమ్మ. అలా కుదరదు, రీఫండ్ ఎవరిదో ఖాతా కూడా వాళ్లదే కావాలి.

ప్రొఫైల్‌లో 'మై బ్యాంక్ అకౌంట్' తెరిచి చూస్తే అసలు సంగతి తెలిసింది. పాన్‌లో అమ్మ ఇంటిపేరు పూర్తిగా ఉంది. ముప్పై ఏళ్ల కిందటి బ్యాంకు ఖాతాలో మాత్రం ఒక్క పొడి అక్షరమే. మన ఇళ్లలో పాస్‌బుక్కులన్నీ ఇలాగే ఉంటాయి. రిటర్న్ వేసేముందే ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, దయచేసి.

అమ్మను తీసుకుని బ్యాంకుకు వెళ్లాను. పాన్, ఆధార్ జిరాక్సులతో కేవైసీ ఫారం ఇచ్చాం. మొదటిరోజు కౌంటర్లో "ఇది మా పని కాదు" అన్నారు. మేనేజర్ దగ్గర కూర్చుని ఇంటిమేషన్ ప్రింటు చూపిస్తేగానీ తీసుకోలేదు. పేరు మారడానికి నాలుగు రోజులు పట్టింది.

ఈలోగా అమ్మ ఫోన్‌కు 'మీ రీఫండ్ మంజూరైంది, ఈ లింకులో ఖాతా వివరాలు ఇవ్వండి' అని మెసేజ్ వచ్చింది. అమ్మ నొక్కబోయి, ఎందుకో నన్ను అడిగింది. వెంటనే తీసేయించాను. డబ్బు కోసం ఎదురుచూసేవాళ్లకు అలాంటి మెసేజ్ నిజంలాగే కనిపిస్తుంది, అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

పేరు మారాక ఖాతాను రీవ్యాలిడేట్ చేసి, రీఫండ్‌కు ఇదే ఖాతా అని నామినేట్ చేశాను. తర్వాత సర్వీసెస్‌లో 'రీఫండ్ రీఇష్యూ'కు వెళ్లి, ఆ రిటర్న్‌నూ ఖాతానూ ఎంచుకుని మళ్లీ ఓటీపీ ఇచ్చాను. ఇదంతా పది నిమిషాల పని.

పన్నెండో రోజు పొద్దున్నే 9,430 జమ అయింది. అందులో 230 వడ్డీని మరుసటి ఏడాది ఆదాయంలో చూపించాలి, అది రాసి పెట్టుకున్నాను. అమ్మ ఆ రోజే బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుని వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో 15జీ కూడా తనే ఇచ్చి వచ్చింది.