కథ స్వరానికి పేరు పెట్టడం: నా అనుభవం

కరువు కథల మీద సమీక్ష రాసేటప్పుడు నాకు ఎక్కువసేపు పట్టేది ఒకే ఒక్క వాక్యం: రచయిత ఏ స్వరంతో చెప్పాడన్నది. మా కడప వైపు సాహిత్య సభల్లో దీనికి చటుక్కున వచ్చే మాట ‘వ్యంగ్యం’. అన్నిటికీ అతుకుతుంది కాబట్టే ఏదీ తేల్చదు. పైగా అలంకారశాస్త్రంలో వ్యంగ్యమంటే సూచనగా అందే అర్థం, ఎగతాళితో దానికి పనే లేదు.

ముందు పేరాను పైకి చదువుతాను. ఎవరు ఎవరితో అంటున్నారో, ఎవరిది పైచేయో పక్కన పెన్సిల్‌తో రాసుకుంటాను. తర్వాత పిలుపుల కింద, క్రియల చివర్ల కింద, ‘గదా’, ‘లే’, ‘పాపం’ లాంటి చిన్న మాటల కింద గీత గీస్తాను. స్వరం విశేషణాల్లో కంటే వీటిలోనే ఎక్కువ దొరుకుతుంది.

మచ్చుకు నేను కట్టిన రెండు వాక్యాలు:

“తమరొచ్చినారు గదా సారూ, ఇంగ వానకేం కొదవ!” అన్నాడు రైతు. అధికారి జీపెక్కాడు.

రైతు మాట పైకి పొగడ్త, లోపల నింద. కిందివాడు పైవాడిని ముఖం మీదే, ‘తమరు’ అనే మర్యాద చెడకుండా పొడిచాడు. ఇది ఎత్తిపొడుపు. హేళన అనను, దానికి పైచేయి ఉండాలి. అధికారి వెళ్లాక జనం నవ్వుకుంటూ అనుకుంటే వెటకారం. నమ్ముకున్న సొంత మనిషితో నొచ్చుకుని అంటే నిష్ఠూరం. అధికార వర్గాన్నంతా రచయితే బోనులో నిలబెడితే అధిక్షేపం.

రెండో వాక్యం మాత్రం రచయితది. అందులో కోపం లేదు, జాలి లేదు. అది నిర్లిప్తత. రైతు ఎత్తిపొడుపును రచయితకు అంటగట్టడం సమీక్షల్లో తరచూ కనిపించే పొరపాటు. నిర్లిప్తతను ఉదాసీనత అనడం ఇంకొకటి. ఉదాసీనుడికి ఏం జరిగినా పట్టదు, నిర్లిప్తుడు అంతా చూసి తను అంటకుండా చెబుతాడు. నిర్వేదం వేరే సంగతి, అది మనసు విరిగిన స్థితి. రసశాస్త్రం పట్టికగా చెప్పే 33 సంచారిభావాల్లో, అంటే వచ్చిపోయే భావాల్లో, మొదటిది అదే. ఆ పట్టిక పాత్రల మనఃస్థితికి పనికొస్తుంది గానీ కథ చెప్పేవాడి వైఖరికి చాలదు.

మాట ఎంచుకున్నాక దాని స్థానంలో పక్క మాట పెట్టి చూస్తాను. రెండూ సరిపోతే ఆధారం చాలనట్టే, మళ్లీ చదవాలి. అప్పటికీ తేలకపోతే బ్రౌన్ నిఘంటువు, అందులో అర్థంతో పాటు వాడుకా కనిపిస్తుంది. నేటి ఛాయలకు మాత్రం కథలోని యాస మాట్లాడేవాళ్లను అడగడమే మేలు.

సమీక్షలో స్వరం పేరు, దాన్ని పట్టించిన మాట ఒకే వాక్యంలో రాస్తాను. కథ మధ్యలో స్వరం మారితే రెండు పేర్లూ ఇచ్చి, ఏ వాక్యం దగ్గర మారిందో చూపిస్తాను.