పానగల్లు నీడ కోసం: పాత ల్యాప్‌టాప్‌కు బయటి గ్రాఫిక్స్ కార్డు తగిలించిన అనుభవం

నల్లగొండ పక్కనే పానగల్లు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం కుందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం. మూడు గర్భగుడులు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్తంభం నీడ నిలబడే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. నేను ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతులకు ఫిజిక్స్ చెబుతాను. కాంతి పాఠం వచ్చిన ప్రతి ఏడూ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఆ నీడ ఏ స్తంభానిది?" వెలుగు ఒక్క వైపు నుంచి కాదు, పక్కల నుంచి కూడా లోపలికి వస్తుందని బోర్డు మీద గీసి చెబితే తలలు ఊపుతారే గాని, కళ్లలో అర్థమైన వెలుగు కనబడదు.

అందుకే గుడిని బ్లెండర్‌లో కట్టడం మొదలుపెట్టాను. అది ఉచితంగా దొరికే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్. దాంట్లోని సైకిల్స్ ఇంజన్ ఒక్కో కాంతి కిరణం ఎటు పోయి ఎక్కడ తగిలి ఎటు మళ్లుతుందో లెక్కగడుతుంది. నాకు కావలసింది సరిగ్గా అదే. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు, ఆరు నిమిషాలకొక బొమ్మ చొప్పున మొత్తం 120 ఫ్రేములు.

నా ల్యాప్‌టాప్ 2012 నాటిది, ఏదో కంపెనీ ఆఫీసులో వాడి వదిలేస్తే బాగుచేసి అమ్మినప్పుడు కొన్నాను. రెండు కోర్ల ఐ5, 8 జీబీ ర్యామ్, ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్. ఒక్క ఫ్రేముకు 38 నిమిషాలు పట్టింది. మొత్తం 76 గంటలన్నమాట. ఎండాకాలం, నడుమ కరెంటు పోవుడు, కీబోర్డు మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టు. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కొత్త ల్యాప్‌టాప్ నా జీతానికి అందేది కాదు. ఈ యంత్రాన్ని పారేయడానికీ మనసు ఒప్పలేదు. దాని కీబోర్డు లాంటిది ఇప్పటి వాటిలో నేను చూడలేదు.

అప్పుడు తెలిసింది, ల్యాప్‌టాప్ లోపల వైఫై కార్డు కూర్చునే చిన్న స్లాటు కూడా పీసీఐ ఎక్స్‌ప్రెస్సేనని, అంటే గ్రాఫిక్స్ కార్డులు తగిలించే తరహాదేనని. డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు కూర్చునే దానికి ఇది చిన్న తమ్ముడు. అక్కడ పదహారు దారులుంటే ఇక్కడ ఒకటే. రెండో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్క దారికి కాగితం మీద సెకనుకు 500 ఎంబీ. మూడో తరం డెస్క్‌టాప్ స్లాటులో పదహారు దారులకు కలిపి దాదాపు 16 జీబీ. ఈ అంకెలు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆటల కోసమైతే తగ్గడంలో న్యాయం ఉంది, ఎందుకంటే ఆట నడుస్తున్నంతసేపూ ఆ దారిలో రాకపోకలు ఆగవు. రెండరింగ్ (లెక్కగట్టి ఒక్కో బొమ్మ తయారుచేయడం) సంగతి వేరు. పానగల్లు ఉదయసముద్రాన్నే చూడండి. కాలువ సన్నదైతే చెరువు నిండడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అంతే. నిండాక పొలాలకు పారేది చెరువు నీళ్లే. గుడి మోడలూ రాళ్ల ఫొటోలూ ఒకసారి కార్డు మెమరీలోకి చేరితే, ఆ తర్వాత లెక్కంతా కార్డు లోపలే జరుగుతుంది. నా పనికి ఈ సన్నకాలువ చాలు. ఈ ఒక్క విషయం రూఢి అయ్యాకే జేబులో చెయ్యి పెట్టాను.

సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి పాత జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు తెచ్చాను, 6 జీబీది, 5,500 రూపాయలు. అది 120 వాట్ల కార్డు, ఒక్క ఆరు పిన్నుల పవర్ తీగ చాలు. ఈఎక్స్‌పీ జీడీసీ అనే అడాప్టర్ బోర్డు ఆన్‌లైన్‌లో 3,800. ఈ బోర్డు మీద ఒక వైపు పెద్ద స్లాటు, ఇంకో వైపు తీగ. ఆ తీగ ఒక కొసన వైఫై కార్డంత పలక, రెండో కొస అచ్చం హెచ్‌డీఎంఐ పిన్నులాగే ఉంటుంది. ఉంటుందే గాని అందులో నడిచేది హెచ్‌డీఎంఐ కాదు, దాన్ని తెచ్చి మానిటర్‌కో టీవీకో గుచ్చకండి.

ఆదివారం పొద్దున బ్యాటరీ తీసి, కింది మూత విప్పాను. వైఫై కార్డు మీద రెండు యాంటెన్నా తీగలు, ఒకటి నల్లది, ఒకటి బూడిద రంగుది. వాటి చివర గింజంత ఇత్తడి గుండీలు. గోటితో నిటారుగా పైకి లేపితే టిక్కుమని ఊడతాయి, పక్కకు లాగితే విరుగుతాయి. ఊడిన కొసలు బోర్డుకు తగలకుండా టేపు చుట్టాను. కార్డు తీసిన చోట పలక పెట్టి, మూతకు ఆకురాయితో చిన్న గంటు తీసి తీగ బయటికి లాగాను. ఇక ఇంటర్నెట్టు ఫోన్ నుంచి యూఎస్‌బీ తీగతోనే. ఇంకో మాట: ఈ స్లాటులో మిషన్ నడుస్తుండగా తగిలించడం, పీకడం చెయ్యకూడదు. అన్నీ బిగించాకే పవర్ బటన్ నొక్కాలి.

నొక్కాను. ల్యాప్‌టాప్ లేవనే లేదు. ఆ స్లాటులో తనకు తెలిసిన వైఫై కార్డు తప్ప వేరేది కనబడితే కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ (మిషన్‌ను మొదట మేల్కొలిపే లోపలి ప్రోగ్రాం) మొరాయిస్తుంది, నాదీ ఆ బాపతే. విరుగుడు అడాప్టర్ మీదనే ఉంది. సీటీడీ, పీటీడీ అని రెండు బుల్లి స్విచ్చులుంటాయి. సీటీడీని ఏడు సెకన్లకు మార్చాను. బయోస్ తనిఖీ ముగిసి, దాని చూపు పక్కకు తిరిగాక కార్డు మేల్కొంటుందన్నమాట. ఈసారి విండోస్ తెర వచ్చింది. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు కూడా వచ్చింది, పక్కన పసుపు త్రిభుజంతో. కోడ్ 12.

కోడ్ 12 అంటే కార్డుకు కావలసిన అడ్రస్ చోటు దొరకలేదని. నల్లగొండ బస్టాండులో నిండిన బస్సెక్కితే అక్కడొక సీటు, ఇక్కడొక సీటు ఖాళీగా ఉంటాయి. కుటుంబమంతా ఒక్కచోట కూర్చోవాలంటే మాత్రం ఉండవు. ఈ కార్డుకు 256 ఎంబీ ముక్క వరసగా కావాలి. అడ్రసుల్లో మొదటి 4 జీబీలో, అంటే 4 జీబీ గీత కింద, ర్యామూ, మిగతా పరికరాలూ చోటంతా ఆక్రమించుకుని ఉన్నాయి. బయోస్‌లో వేలిముద్ర రీడర్, కెమెరా, అక్కర్లేనివన్నీ ఆపేశాను. చాల్లేదు.

మిగిలింది డీఎస్‌డీటీ మార్గం. ఏ పరికరానికి ఎక్కడ చోటివ్వచ్చో విండోస్‌కు చెప్పే పట్టిక అది. దాన్ని బయటికి తీసి, మామూలు అక్షరాల్లోకి విప్పి, 4 జీబీ గీతకు పైన కూడా చోటుంది అని చెప్పే కొన్ని పంక్తులు చేర్చి, మళ్లీ కంపైల్ చేసి (యంత్రం చదివే రూపంలోకి మార్చి), ఇలా మార్చిన పట్టికను ఒప్పుకునేలా విండోస్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టి ఎక్కించాలి. రెండు రాత్రులు పట్టింది. మొదటి రాత్రంతా పోయింది నేను చేర్చిన పంక్తుల వల్ల కాదు, తయారీదారు రాసిన మూల పట్టికలోనే తప్పులుండి కంపైలర్ ఒప్పుకోకపోవడం వల్ల. ఒక్కో తప్పు దిద్దుకుంటూ పోయాను. మార్చిన పట్టిక విండోస్ రిజిస్ట్రీలో ఉంటుంది, బయోస్ చిప్పును తాకదు. అందుకే ధైర్యం చేశాను. రెండో రాత్రి ఒంటిగంటకు పసుపు త్రిభుజం పోయింది. తెర మూలన టెస్ట్ మోడ్ అన్న అక్షరాలు అప్పటి నుంచీ అలాగే ఉన్నాయి, నాకు వాటితో ఇబ్బందేమీ లేదు.

ఇక అసలు కష్టం కరెంటుది. మొదట వాడింది మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా. పైన పెద్దక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. రెండర్ మొదలైన నిమిషానికి తెర నల్లబడేది. డ్రైవర్ మార్చాను, తీగ మార్చాను, స్లాటు వేగం తగ్గించాను. చివరికి మల్టీమీటర్ తెచ్చి పసుపు, నల్ల తీగల మధ్య పెట్టాను. ఖాళీగా ఉన్నప్పుడు 12.1 వోల్టులు. రెండర్ నొక్కగానే అంకె కళ్లముందే జారుతూ 11.1 దగ్గరికొచ్చి, అక్కడే కార్డు ఫ్యాను ఆగిపోయింది. 12 వోల్టుల తీగకు అయిదు శాతం అటూ ఇటూ మాత్రమే ఒప్పుదల, అంటే 11.4 కింద పోకూడదు. అప్పుడు లేబుల్ కింది చిన్నక్షరాలు చదివాను: 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లే, అదీ కొత్తగా ఉన్ననాటి మాట. ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు చూడాల్సింది ఆ పెద్దంకెను కాదు, 12 వోల్టుల వరసను. కొత్తది 2,600 పెట్టి తెచ్చాను, దానిమీద 32 ఆంపియర్లు రాసి ఉంది. ఆ రోజు నుంచి తెర ఒక్కసారీ నల్లబడలేదు.

పాత డబ్బాతో ఇంకో సంగతీ బయటపడింది. దాని ఇనుప రేకును ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి. కొత్తదానికీ అదే. మా వీధి ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. టెస్ట్ ల్యాంపు తీసి మూడు రంధ్రాల్లో పెట్టి చూసి, "సారూ, పైన రంధ్రం ఉత్తగనే ఉంది. లోపల తీగనే లేదు. ఎర్త్ లేకపోతే గిట్లనే కొడ్తది" అన్నాడు. ల్యాప్‌టాప్, అడాప్టర్, ఎస్‌ఎంపీఎస్ మూడింటి గ్రౌండూ ఆ సన్నతీగ ద్వారా ఒకటే అవుతుంది కాబట్టి, ఇది నా వేళ్ల సంగతే కాదు, మదర్‌బోర్డు ప్రాణం కూడా. పెరట్లో గుంత తవ్వి బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, పైపు దించి తీగ లాగాడు. "ఎండాకాలం రోజుకో బిందె నీళ్లు పొయ్యమను అమ్మను" అని చెప్పి పోయాడు. మా అమ్మ తులసి చెట్టుకు పోసేటప్పుడే దానికీ పోస్తోంది. ఎవరైనా ఈ పని మొదలుపెడితే కార్డు కన్నా ముందు ఎర్తు చూసుకోండని చేతులు జోడించి చెబుతున్నా.

కార్డును ఒక టేకు చెక్క మీద ఎల్ క్లాంపుతో నిలబెట్టాను. లోపల చిప్పు వేడిని బయటికి పంపే పాత పేస్టు ఎండి పెచ్చులుగా ఉంటే తుడిచి కొత్తది పూశాను. 83 డిగ్రీలు తగిలితే ఈ కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇప్పుడు 74 దాటడం లేదు. బొమ్మ చూడటానికి కార్డుకే నేరుగా మానిటర్ తగిలించాను. ల్యాప్‌టాప్ తెర మీదే చూడాలంటే వచ్చిన బొమ్మ మళ్లీ అదే సన్నదారిలో వెనక్కి పోవాలి కదా. కార్డు వివరాలు చూపే జీపీయూ జెడ్ అనే ప్రోగ్రాంలో ఒక్క దారి, రెండో తరం అని చూపిస్తోంది. ఫ్రేము తయారీ రెండున్నర నిమిషాలు. 120 ఫ్రేములు అయిదు గంటల్లో, ఒక్క రాత్రి నిద్రలో అయిపోయాయి.

తెల్లారి ఆ ఫ్రేములన్నీ కలిపి నడిపించి చూశాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గర్భగుడి గోడ మీద నీడ ఉన్నచోటే ఉంది. ఎటునుంచి ఎంత వెలుగొచ్చి నీడ అంచును పట్టి ఉంచుతోందో ఒక్కో వైపు మూసి చూపించవచ్చు. పదో తరగతి పిల్లలకు చూపిస్తే వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, నాలుగు దాటినంక నీడ జర పక్కకు జరిగింది, గుళ్లె గట్ల జరగదు" అంది. నిజమే, 101వ ఫ్రేము నుంచి బెత్తెడు జరుగుతోంది. మండపం స్తంభాల మధ్య దూరం నేను అడుగులతో కొలిచాను. ఈ ఆదివారం ఆ అమ్మాయినీ, ఇంకో నలుగురినీ, యాభై అడుగుల టేపునూ వెంటబెట్టుకుని పానగల్లు పోతున్నాం.