న్యూయార్క్ కోర్ట్ ఆఫీసర్: డ్యూటీ దిగాక తుపాకీ సంగతి

న్యూయార్క్ రాష్ట్ర కోర్టుల్లో కోర్ట్ ఆఫీసర్ అనగానే, హాలు బయట నిలబడి పేర్లు కేకేసే బంట్రోతు గుర్తొస్తాడు మనవాళ్లకి. ఇది ఆ ఉద్యోగం కాదు. యూనిఫాం, బ్యాడ్జీ, అరెస్టు చేసే అధికారం, నడుముకు పిస్టల్ అన్నీ ఉంటాయి. చేరాలంటే అమెరికా పౌరసత్వం కావాలి, గ్రీన్ కార్డు సరిపోదు. అయితే డ్యూటీ దిగాక ఆ పిస్టల్ నడుముకే ఉండొచ్చా అంటే, దానికి ఒక్క చట్టంలో జవాబు దొరకదు.

మొదట రాష్ట్ర చట్టం. క్రిమినల్ ప్రొసీజర్ లా 2.10 సెక్షన్‌లో ‘పీస్ ఆఫీసర్ల’ పెద్ద జాబితా ఉంది, అంటే పోలీసులు కాకపోయినా అరెస్టు లాంటి కొన్ని పోలీసు అధికారాలున్న ఉద్యోగులు. పోలీసు ఆఫీసర్లు వేరు, వాళ్ల జాబితా 1.20లో ఉంటుంది. కోర్టువాళ్లు 2.10లో 21వ అంశం కింద వస్తారు. యూనిఫాం వేసే కోర్ట్ ఆఫీసర్లతో పాటు ఫస్ట్, సెకండ్ డిపార్ట్‌మెంట్ల (రాష్ట్ర కోర్టుల ప్రాంతీయ విభాగాలు) కోర్టు క్లర్కులు కూడా అందులో ఉన్నారు. అంటే మన్‌హాటన్, బ్రాంక్స్, బ్రూక్లిన్, క్వీన్స్, లాంగ్ ఐలండ్ వైపు ఫైళ్లు చూసే క్లర్కు కూడా పీస్ ఆఫీసరే. సిటీ కోర్టు మార్షల్ పేరు అదే అంశంలో ఉన్నా, పీనల్ లా 400.00 కింద విడిగా లైసెన్స్ లేకుండా తుపాకీ పట్టకూడదని పక్కనే మెలిక ఉంది. ‘కోర్టులో పని’ అన్న మాట మీద ఎవరి విషయమూ తేలదు, ఏ ఉప అంశంలో ఉన్నారో చదువుకోవాల్సిందే.

పీస్ ఆఫీసర్‌కి తుపాకీ కేసుల నుంచి మినహాయింపు ఇచ్చేది పీనల్ లా 265.20. అదే లేకపోతే, లైసెన్స్ లేకుండా లోడ్ చేసిన పిస్టల్‌తో వీధిలో దొరికిన మనిషి మీద 265.03 కింద కేసు పడుతుంది. అది క్లాస్ సి ఫెలనీ, అంటే పెద్ద నేరం, మామూలుగా శిక్ష మూడున్నరేళ్ల దగ్గర మొదలవుతుంది. మినహాయింపు ఉంది కదా అని శిక్షణ మానేస్తే కుదరదు. క్రిమినల్ ప్రొసీజర్ లా 2.30 సెక్షన్ ప్రకారం, ప్రాణాంతక బలప్రయోగం మీద, ఆయుధాల మీద ఆమోదం పొందిన శిక్షణ పూర్తిచేసి, ఆపైన ఏటేటా మళ్లీ నేర్చుకోకపోతే డ్యూటీలో ఆయుధం పట్టడానికే వీల్లేదు. దీర్ఘ సెలవు మీద వెళ్లొచ్చినవాళ్లు తట్టుకుని పడేది ఇక్కడే. సెలవులో ఉండగా గడువు దాటిపోతుంది, ఎవరూ గుర్తుచేయరు.

రాష్ట్రం దాటితే ఫెడరల్ చట్టం. 2004 జులైలో వచ్చిన ‘లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్స్ సేఫ్టీ యాక్ట్’ని అందరూ పొట్టిగా ‘లియోసా’ అంటారు. ఫెడరల్ నేర చట్టాలుండే 18వ టైటిల్‌లో, ఉద్యోగంలో ఉన్నవాళ్లకి 926బి సెక్షన్, రిటైరైనవాళ్లకి 926సి. అర్హత ఉన్న ఆఫీసరు ఏ రాష్ట్రంలోనైనా తుపాకీ బట్టల కింద దాచి తీసుకెళ్లొచ్చు, ఆ రాష్ట్రం లైసెన్స్ అడగడానికి లేదు. కానీ షరతులన్నీ ఆ నిమిషానికి నిజమై ఉండాలి. ప్రభుత్వ ఏజెన్సీ ఉద్యోగి కావాలి, చట్టం ఇచ్చిన అరెస్టు అధికారం ఉండాలి, తుపాకీ తీసుకెళ్లడానికి ఏజెన్సీ అనుమతి ఉండాలి, గురి పరీక్ష ఎప్పటికప్పుడు పాసై ఉండాలి, ఏజెన్సీ ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు జేబులో ఉండాలి. అధికారాలు పోయే అవకాశమున్న క్రమశిక్షణ చర్య నడుస్తుంటే చాలు, అది తేలకముందే రక్షణ పోయినట్టే. మద్యం మత్తులో ఉన్నా అంతే. శనివారం రాత్రి పార్టీకి వెళ్లే ముందు తుపాకీ ఇంట్లో పెట్టి తాళం వేయడమే తెలివి.

న్యూజెర్సీలో చుట్టాలింటికి వెళ్లేవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి. లియోసా తుపాకీకే గానీ పోలీసు అధికారాలకు రెక్కలివ్వదు. హడ్సన్ నది దాటాక మీరు అరెస్టు చేయగల ఆఫీసరు కారు, తుపాకీ ఉన్న మామూలు మనిషి. తూటాల మాటకొస్తే, ఫెడరల్ చట్టం నిషేధించనివన్నీ 2010 సవరణతో లియోసా కిందికొచ్చాయి. మ్యాగజీన్ (తుపాకీలో తూటాలు నింపే డబ్బా) గురించి మాత్రం ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు. న్యూజెర్సీ పరిమితి 10 తూటాలు. అంతకన్నా పెద్ద మ్యాగజీన్ పెట్టుకుని తిరగడం కోరి తెచ్చుకునే తలనొప్పి.

ఇక చోటు. రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ భవనాల్లో, పార్కుల్లో నిషేధం పెట్టే హక్కును లియోసా రాష్ట్రాలకే వదిలింది. దుకాణం, గుడి, ఫంక్షన్ హాలు లాంటి ప్రైవేటు స్థలాల్లో యజమాని వద్దంటే దాన్ని అమలుచేసే రాష్ట్ర చట్టం కూడా చెల్లుతుంది. న్యూయార్క్‌లో 2022 సెప్టెంబర్ 1 నుంచి అమలైన కొత్త చట్టం గుళ్లను, కోర్టులను ‘సున్నిత స్థలాల’ జాబితాలో పెట్టి, పీస్ ఆఫీసర్లను మినహాయించింది. ఫెడరల్ భవనాలకు ఈ మినహాయింపు పనిచేయదు. భార్య పౌరసత్వ ప్రమాణం చూడ్డానికి ఫెడరల్ కోర్టుకు వెళ్తే, అది మీ డ్యూటీ కాదు. 18వ టైటిల్ 930 సెక్షన్ కింద కోర్టు భవనంలోకి తుపాకీతో అడుగుపెడితే రెండేళ్ల దాకా జైలు. పాస్‌పోర్టు కాగితాలివ్వడానికి వెళ్లే పోస్టాఫీసులోనూ తుపాకీ నిషిద్ధమే. సెలవు రోజున నడుముకు తుపాకీ ఉందన్న సంగతి మరిచిపోయేది ఇక్కడే.

విమానం మరీ గట్టి విషయం. క్యాబిన్‌లోకి తుపాకీతో ఎక్కడానికి లియోసా పనికిరాదు. అధికారిక అవసరం, ఏజెన్సీ నుంచి ముందస్తు సందేశం, విడిగా శిక్షణ కావాలి. సొంత ప్రయాణమైతే తూటాలు తీసేసి, తాళం పడే గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి చెక్-ఇన్ సామానుగా ఇవ్వాలి.

ఫెడరల్ కోర్టుల వైపు లెక్క వేరు. ద్వారం దగ్గర స్కానర్ చూసే సెక్యూరిటీ ఆఫీసర్లు కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగులు, ఫెడరల్ కోర్టుల భద్రత చూసే యు.ఎస్. మార్షల్స్ సర్వీస్ వాళ్లకి ప్రత్యేక డెప్యూటీ హోదా ఇస్తుంది. ‘ప్రభుత్వ ఏజెన్సీ ఉద్యోగి’ అన్న లియోసా షరతు వాళ్లకి మొదటి అడ్డంకి. శిక్ష పడి బయట ఉన్నవాళ్లని కనిపెట్టి ఉండే ఫెడరల్ ప్రొబేషన్ ఆఫీసర్‌కైతే ఆ జిల్లా కోర్టు ఆమోదిస్తేనే తుపాకీ, 18వ టైటిల్ 3603 సెక్షన్ ఆ మాటే చెబుతుంది.

ఉద్యోగాన్నే మింగేసేది గృహహింస కేసు. చిన్న నేరంగా రుజువైనా 1996 ఫెడరల్ సవరణ ప్రకారం తుపాకీ ముట్టకూడదు, డ్యూటీలో సైతం. ప్రభుత్వ పని కోసమన్న మినహాయింపు కూడా దీనికి వర్తించదు. గంజాయి న్యూయార్క్‌లో 2021 నుంచి చట్టబద్ధమే, కానీ వాడేవాళ్లకి తుపాకీ వద్దన్న ఫెడరల్ నిబంధన దానివల్ల మారలేదు.

ఇంట్లో వీసా మీద ఉన్నవాళ్లుంటే ఇంకో చిక్కు. హెచ్-1బి, ఎఫ్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోకూడదని 18వ టైటిల్ 922(జి)(5) చెబుతుంది. వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. ఫొటో కోసమని నాన్న చేతికి పిస్టల్ ఇవ్వడం సరదా కాదు. తుపాకీ నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపించే కారణాల్లో అదొకటి. 18 ఏళ్లలోపు పిల్లలున్న ఇంట్లో తుపాకీ మీ చేతిలో లేనప్పుడు తాళంలో ఉండాలని న్యూయార్క్ పీనల్ లా 265.45 అంటుంది. సేఫ్ కోడ్ ఆఫీసరుకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. పిల్లల పుట్టినరోజును కోడ్‌గా పెట్టుకుంటే, ఇంట్లో అందరికీ చెప్పినట్టే.